కొత్త పెడల్ కొన్న అల్లుడికి

అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కొత్త పెడల్‌తో, అంటే గిటార్ సౌండ్‌ని రకరకాలుగా మార్చే ఆ కాలిపెట్టెతో, నువ్వు వాయించి రాత్రి పంపిన ఆడియో మూడుసార్లు విన్నాను. మూడోసారికి మీ అత్త వంటింట్లోంచి "ఆ జోరీగ ఎక్కడ దూరిందండీ, కాస్త తోలండి" అంది. మాట మోటుగా ఉన్నా అత్త చెవి గట్టిది. నీ డిస్టార్షన్, అదే ఆ గరుకు సౌండ్, జోరీగలాగే ఉంది. అందులో నీ చేతి తప్పు లేదు, పెడల్ తప్పూ లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

"వంద సౌండ్లున్నాయి మామా, ఒక్కటీ పనికిరావట్లేదు, వెనక్కిచ్చేయనా?" అన్నావు. ఇవ్వకు. కంపెనీ నింపి పంపిన ప్యాచ్‌లు, అంటే ఎఫెక్టులు ముందే కలిపిపెట్టిన సౌండ్లు, నీ పాటల కోసం చేసినవి కావు. దుకాణంలో కూర్చుని ఒక తీగ మీటగానే "అబ్బో" అనిపించాలని చేసినవి. అందుకే గరుకు పెంచే గెయిన్ ఆ చివరికి తిప్పి, దాని మీద ప్రతిధ్వని తెచ్చే డిలే, ఆ పైన గుడి మండపమంత మోత తెచ్చే రివర్బ్ పోస్తారు. పాతకాలం పెళ్లి ఆల్బమ్‌లో వధూవరుల వెనకాల హంసలూ జలపాతాలూ అతికించేవాళ్లే, అలాగన్నమాట. ఒంటరిగా వింటే బాగానే ఉంటుంది. డ్రమ్స్, బేస్, కీబోర్డ్ కలిశాక నువ్వేం వాయిస్తున్నావో నీకే వినపడదు. ఒక గంట కూర్చుని అన్నీ వినెయ్, ముచ్చట తీర్చుకో. తర్వాత వాటి జోలికి పోకు.

ముందు కరెంటు గురించి చెప్పాలి, ఎందుకంటే నేను డబ్బులు తగలేసింది అక్కడే. నా రెండో పెడల్ కొన్న వారానికే, అడాప్టర్ ఇంట్లో మర్చిపోయి, ప్రోగ్రాం దగ్గర కీబోర్డ్ కుర్రాడి అడాప్టర్ పెట్టాను. పిన్ను సరిగ్గా సరిపోయింది. పిన్ను సరిపోతే చాలనుకున్నాను. దానిది 12 వోల్టులు, పైగా ప్లస్సూ మైనస్సూ తిరగబడి ఉన్నాయి. చిన్న కాలిన వాసన, అంతే, పెట్టె మళ్లీ వెలగలేదు. గిటార్ పెడల్స్‌లో ఎక్కువ భాగం 9 వోల్టుల డీసీ, మధ్య పిన్ను మైనస్. అడాప్టర్ మీద ఒక చిన్న గుండ్రటి బొమ్మ ఉంటుంది, మధ్య చుక్క నుంచి గీత మైనస్ గుర్తుకి వెళ్తుంది. అది చూసుకో. వోల్టులు సమానంగా ఉండాలి. మిల్లీ ఆంపియర్లు మాత్రం పెడల్ అడిగినదానికి సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. పెట్టె మీద 500 అని ఉంటే 200 ఇచ్చే అడాప్టర్‌తో అది మధ్యలో ఆరిపోతుంది, లేకపోతే గుయ్యిమంటుంది.

గిటార్ సంగతి రెండు ముక్కల్లో. తీగలు తుప్పుపట్టి ఉంటే ఏ ఎఫెక్టూ కాపాడదు, కొత్తవి వెయ్యి. పెడల్‌లో ట్యూనర్ ఉంటుంది, అది ఆన్ చేస్తే సౌండ్ ఆగిపోతుంది కాబట్టి పాటకీ పాటకీ మధ్య జనానికి వినపడకుండా శ్రుతి చేసుకోవచ్చు. నా లెక్కలో ఆ పెట్టెలో అన్నిటికన్నా విలువైన ఎఫెక్టు అదే. నవ్వకు.

ఇక జోరీగ. నువ్వు పెడల్ నుంచి నేరుగా హోమ్ థియేటర్‌కి వైరు పెట్టావని అక్క చెప్పింది. అక్కడుంది తిరకాసు. గిటార్ యాంప్‌లో, అంటే గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టెలో, ఉండే పన్నెండంగుళాల స్పీకర్ అన్ని శబ్దాలనూ సమానంగా పలికించదు. సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక దాని గొంతు పడిపోతుంది. డిస్టార్షన్‌లో పుట్టే గరుకంతా ఆ పైనే ఉంటుంది, దాన్ని స్పీకరే మింగేస్తుంది. మనం రాక్ గిటార్ అని చిన్నప్పటి నుంచి వింటున్నది ఆ స్పీకర్ వడగట్టిన శబ్దాన్ని. హోమ్ థియేటర్‌కీ, హెడ్‌ఫోన్‌కీ, స్టేజీ మీద మిక్సర్‌కీ ఆ జల్లెడ లేదు. అందుకే పెడల్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్ అని నకలు జల్లెడ ఒకటి పెట్టారు. కొన్ని పెట్టెల్లో అది విడిగా ఒక బ్లాకు, కొన్నిట్లో మెనూలో అవుట్‌పుట్ అనే సెట్టింగు. మిక్సర్‌కో హెడ్‌ఫోన్‌కో పెట్టినప్పుడు ఆన్‌లో ఉండాలి. అసలైన గిటార్ యాంప్ ముందు ఇన్‌పుట్‌లో పెట్టినప్పుడు ఆఫ్ చెయ్యాలి, లేకపోతే జల్లెడ మీద జల్లెడ పడి దుప్పటి కప్పి వాయించినట్టు ఉంటుంది. ఇప్పుడే వెళ్లి ఆ ఒక్కటీ ఆన్ చేసి, అదే ముక్క మళ్లీ వాయించు. అత్తకి వినిపిస్తాను.

మరో మాట, బ్లూటూత్ స్పీకర్‌తో ప్రాక్టీసు పెట్టుకోకు. మీటిన తర్వాత ఒక క్షణం ఆగి పలుకుతుంది, తాళం చెడుతుంది.

అది అయ్యాక ఒక ఖాళీ ప్యాచ్ తీసుకో. అందులో యాంప్ మోడల్, అంటే యాంప్‌కి నకలు, ఒక్కటే పెట్టు, దానికి క్యాబినెట్. ఇంకేమీ వద్దు. గెయిన్ తక్కువలో, బేస్, మిడిల్, ట్రెబుల్ మూడూ సగంలో. రెండు రోజులు దీంతోనే వాయించు. విసుగొస్తుంది, రానీ. ఏ సౌండ్ మీద మిగతావన్నీ ఎక్కించబోతున్నావో అది నచ్చకపోతే ఎంత ఎక్కించినా అంతే. పులుసు పలచగా ఉందని ఇంగువ వేస్తూ పోతామా?

మూడో రోజు దాని ముందు ఓవర్‌డ్రైవ్, అంటే తేలికపాటి గరుకు, పెట్టు. మెనూలో ఆకుపచ్చ బొమ్మతో ఒకటి కనపడితే అది ఐబనెజ్ వాళ్ల ట్యూబ్ స్క్రీమర్‌కి నకలు అయి ఉంటుంది. 1970ల చివర్లో వచ్చిన పెడల్, ఇప్పటికీ ప్రతి కంపెనీ దాన్నే అనుకరిస్తుంది. డ్రైవ్ తక్కువ పెట్టి లెవెల్ పెంచి చూడు. యాంప్‌ని ముందు నుంచి నెట్టినట్టు ఉంటుంది, మధ్య స్వరాలు కాస్త ముందుకొస్తాయి. గెయిన్ విషయంలో నాదొక మొండి అభిప్రాయం ఉంది: నీకు సరిపోయిందనిపించిన చోటు నుంచి మూడో వంతు తగ్గించు. పూర్తి మేజర్ కార్డు, అంటే కలిసి మోగే స్వరాల గుంపు, వాయించి విను. ఆరు తీగలూ విడివిడిగా వినపడాలి. ముద్దగా ఉంటే గెయిన్ ఎక్కువైనట్టే. ఎక్కువ గెయిన్ కావాల్సిన చోట రెండు స్వరాల పవర్ కార్డులు వాయిస్తారు, అందుకే.

ఏ ఎఫెక్టు ముందు, ఏది వెనక అని వరస గురించి అడిగావు. చేత్తో చేసి చూస్తేగానీ ఎక్కదు. ఒక్క తీగ మీటి, డిలేని డిస్టార్షన్ తర్వాత పెట్టి విను. గరుకు స్వరం ఒకటి, దాని ప్రతిధ్వనులు మెల్లమెల్లగా తగ్గుతూ శుభ్రంగా వస్తాయి. ఇప్పుడు రెండింటినీ అటూ ఇటూ మార్చు. ప్రతిధ్వనులన్నీ అసలు స్వరంతో కలిసి డిస్టార్షన్‌లో పడి నలిగిపోతాయి, సంతలో నలుగురు ఒకేసారి బేరమాడినట్టు ఉంటుంది. ఇంతే సూత్రం. గిటార్‌ని వావా అనిపించే వా, హెచ్చుతగ్గులు సమం చేసే కంప్రెసర్ ముందు, తర్వాత డ్రైవ్, యాంప్, ఆ వెనక ఒక్క గిటార్‌ని పలు గిటార్లలా వినిపించే కోరస్ లాంటివి, తర్వాత డిలే, ఆఖరున రివర్బ్. దీన్ని మీరినవాళ్లూ మంచి సౌండ్లు చేశారు. కానీ మీరడానికి ముందు ఏం మీరుతున్నావో చెవికి తెలియాలి.

డిలే మీద కాస్త ఆగుతాను, నాకు ఇష్టమైనది గనక. రోలాండ్ వాళ్లు 1974లో స్పేస్ ఎకో అని పెట్టె తెచ్చారు, లోపల నిజంగా టేపు తిరుగుతుంది. ఒక తల రికార్డు చేస్తుంది, ముందున్న తలలు చదివి తిరిగి వినిపిస్తాయి. తిరిగొచ్చిన ప్రతిసారీ పైస్వరాలు కాస్త అరిగి, ప్రతిధ్వని మెత్తబడుతూ వెనక్కి జరుగుతుంది. నీ పెడల్‌లో టేప్ ఎకో అన్నది దానికి నకలు. డిజిటల్ డిలే అన్నది అద్దంలా ఉన్నదున్నట్టు తిరిగి చెప్తుంది. పాడేవాళ్ల వెనక టేపు రకం వాడు, వాళ్ల మాటలకి అడ్డం రాదు.

డిలే టైము గుడ్డిగా తిప్పకు. 60,000ని పాట టెంపోతో, అంటే నిమిషానికి వచ్చే బీట్ల సంఖ్యతో, భాగిస్తే ఒక బీటు ఎన్ని మిల్లీసెకండ్లో వస్తుంది. టెంపో 120 అయితే 500. అందులో ముప్పావు తీసుకో, 375. ఆ సంఖ్య పెట్టి, బీటుకి రెండు చొప్పున స్వరాలు సమంగా మీటుతూ పో. నువ్వు మీటని చోట్ల డిలే తనంతట తాను పూరిస్తుంది, ఒక్కడివే ఇద్దరిలా వినపడతావు. మొదటిసారి ఇది కుదిరినప్పుడు నేను భోజనానికి లేవలేదు. టెంపో 100 అయితే బీటు 600, ముప్పావు 450. ట్యాప్ టెంపో ఉంటే కాలితో తాళం వేసినా సరిపోతుంది.

ఇప్పుడు వాల్యూమ్. కొత్తవాళ్లందరూ బోర్లాపడేది ఇక్కడే, పాతవాళ్లు కూడా. అమలాపురం దగ్గర ఒక రిసెప్షన్‌లో మెలోడీ నడుస్తోంది. గరుకు లేని క్లీన్ సౌండ్ నుంచి సోలో సౌండ్‌కి వెళ్లాలంటే స్విచ్ రెండుసార్లు తొక్కాలి. మధ్యలో ఇంకో ప్యాచ్ ఉంది, ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో సరదాగా చేసుకున్న హెవీ మెటల్. కాలు ఒక్కసారే పడింది. స్టేజీ మీద పెళ్లికొడుకు తాతగారు అక్షింతలు వేస్తున్నారు. ఆయన చేతిలోవి చేతిలోనే ఉండిపోయాయి. మా ఆర్కెస్ట్రా ఓనరు ఆ రాత్రి నాకు డబ్బులు ఇచ్చాడుగానీ మాట ఇవ్వలేదు.

కాబట్టి ఇలా చెయ్యి. ఒక క్లీన్ ప్యాచ్‌ని కొలబద్దగా పెట్టుకో. మిగతా ప్రతి ప్యాచ్‌నీ దాని పక్కన పెట్టి, అదే బలంతో వాయిస్తూ, ప్యాచ్ లెవెల్ సమానం చెయ్యి. సోలోకి మాత్రం ఒక మూడు డెసిబెల్స్ పైన ఉంచు. వరసగా వాడేవి పక్కపక్కనే పెట్టు. ఇంకా మంచిది, ఒకే ప్యాచ్‌లో ఉండి అందులోని ఓవర్‌డ్రైవ్‌నీ డిలేనీ కాలితో ఆన్ ఆఫ్ చేసుకోవడం. చాలా పెట్టెల్లో ప్యాచ్ మారేటప్పుడు చిన్న వెలితి వస్తుంది, డిలే తోక తెగిపోతుంది. ఒకే ప్యాచ్‌లో ఉంటే ఆ గొడవ తక్కువ.

ఇంట్లో సెట్ చేసిన సౌండ్ స్టేజీ మీద మారిపోతుందని నువ్వే రేపు ఫోన్ చేస్తావు. దానికి కారణం చెవి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు: శబ్దం చిన్నగా ఉన్నప్పుడు మన చెవికి బేస్, బాగా పైస్వరాలు తక్కువ వినపడతాయి. రాత్రి పదకొండుకి అమ్మ లేస్తుందని నువ్వు చిన్నగా పెట్టుకుని, లోటు అనిపించి బేస్, ట్రెబుల్ పెంచుతావు, మిడిల్ తగ్గిస్తావు. కాలేజీ ఫెస్ట్‌లో పెద్ద స్పీకర్లలో అదే ప్యాచ్ కింద బొయ్యిమంటుంది, పైన చెవులు కోస్తుంది, మధ్యలో గిటార్ ఉండదు. ఫెస్ట్ ముందు మీ రిహార్సల్లో, డ్రమ్స్ మోగుతుండగా, మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ సెట్ చేసుకో. బేస్ తగ్గించు, అక్కడ బేస్ గిటారూ కిక్ డ్రమ్మూ ఉన్నాయి. మిడిల్ పెంచు. ఒంటరిగా వింటే ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది, పరవాలేదు. రివర్బ్ దాదాపు తీసెయ్, హాలే దాన్ని ఇస్తుంది.

గుయ్యిమనే శబ్దం గురించి. నీ గిటార్‌లో తీగల కదలికని పట్టే పికప్‌లు సింగిల్ కాయిల్ రకం కనక కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ మోతని గుంజుతాయి. ట్యూబ్‌లైటుకీ, ఫ్యాన్ రెగ్యులేటర్‌కీ దూరంగా జరుగు, తిరిగి నిలబడి చూడు. కూర్చున్న దిక్కు మారితేనే తగ్గుతుంది ఒక్కోసారి. చిన్న శబ్దాల్ని ఆపేసే నాయిస్ గేట్ వాడొచ్చు, కానీ ఎక్కువ పెడితే సాగాల్సిన స్వరం గొంతు నొక్కినట్టు తెగిపోతుంది.

ఎర్త్ మాత్రం నవ్వులాట కాదు. ఒక తిరునాళ్లలో జనరేటర్ మీద స్టేజీ, ఎడమ చెయ్యి తీగల మీద ఉంది, పాటలో కోరస్ గొంతు కలుపుదామని మైకుకి మూతి తగిలించాను. పెదవి మీద కొరడాతో కొట్టినట్టయింది. గిటార్ తీగలు కేబుల్ గుండా యాంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి, మైకు మిక్సర్ ఎర్త్‌కి. రెండూ వేర్వేరు లైన్ల మీద ఉండి, ఒకదానికి ఎర్త్ సరిగా లేకపోతే మధ్యలో మనమే వైరు. పెడల్ బ్యాటరీ మీద నడుస్తోందిలే అనుకోకు, కేబుల్ కలిపేస్తుంది. సౌండ్ వాళ్లని మీటరు పెట్టి చూడమను, సిగ్గుపడకు. మైకుకి స్పాంజి తొడుగు వేయించు. మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గు కనపడితే దాంట్లో పెట్టకు.

పాదంతో వంచే ఎక్స్‌ప్రెషన్ పెడల్‌ని ముందు వాల్యూమ్‌కే కేటాయించు, వాకి వాడటం తర్వాత చూద్దువు. వాయించింది రికార్డు చేసి తిప్పితిప్పి వినిపించే లూపర్ ఉందిగా, చిన్న పెట్టెల్లో అర నిమిషం దాకా రికార్డవుతుంది. నాలుగు కార్డులు వేసుకుని దాని మీద సోలో వాయించుకో, నీ తాళం ఎక్కడ జారుతుందో మొహమాటం లేకుండా చెప్తుంది. ఇంటర్నెట్లో దొరికే ప్యాచ్‌లు దింపకు, వాళ్ల గిటారూ వాళ్ల చెయ్యీ వేరు.

ఫెస్ట్‌కి మూడు సౌండ్లు చాలు: క్లీన్, కాస్త గరుకు, సోలో. ఈ మూడూ చేసి, డ్రమ్స్‌తో కలిపి రికార్డు చేసి పంపు. ఒంటరిగా వాయించింది పంపకు, వినను. నా దగ్గర మంచి కేబుళ్లు రెండున్నాయి, వచ్చే నెల గుంటూరు వచ్చినప్పుడు ఒకటి తెస్తాను. అప్పటిదాకా నీ దగ్గరున్నదాన్ని మోచేతికి చుట్టకు, లోపల తెగుతుంది.

అక్కనీ బావనీ అడిగానని చెప్పు.

మీ మామయ్య