సందేహాలు – సమాధానాలు: ‘సాఫ్ట్‌వేర్ నిర్మాణం’ అంటే సరిపోతుందా?

సందేహం: మా సంస్థలో కొత్తగా చేరేవారి కోసం తెలుగులో పాఠాలు రాస్తున్నాను. ‘సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్’ను ‘సాఫ్ట్‌వేర్ నిర్మాణం’ అని రాస్తే, అది కోడ్ రాయడమే కదా అని ఒకరన్నారు. ‘వాస్తు’ అనమని మరొకరన్నారు. అసలు దాని నిర్వచనమే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. ఏ మాట వాడాలి?
– ఒక పాఠకుడు, మాదాపూర్, హైదరాబాద్

సమాధానం: ‘నిర్మాణం’ తప్పు మాట కాదు కాని, ఇక్కడ ఒంటరిగా నిలవదు. కట్టే పనికీ, కట్టినదాని అమరికకూ మనం ఆ మాటనే వాడుతున్నాం. ‘వంతెన నిర్మాణం ఆగిపోయింది’ అన్నప్పుడు అది పని. ‘వాక్య నిర్మాణం బాగుంది’ అన్నప్పుడు అమరిక. ‘సాఫ్ట్‌వేర్ నిర్మాణం ఆలస్యమైంది’ అంటే కోడ్ రాయడం ఆలస్యమైందనే ఎవరైనా అనుకుంటారు కనుక మీ సహోద్యోగి అభ్యంతరం సబబే. ‘వాస్తు’ నివాసంతో ముడిపడిన మాట. పైగా మన నగరంలో అది వినగానే తూర్పు వాకిలీ, ఈశాన్య మూలా గుర్తుకు వస్తాయి. దాన్ని ఇక్కడికి తేవద్దు.

అసలు చిక్కు నిర్వచనం దగ్గర ఉంది. ఐబీఎం సంస్థ సిస్టమ్ 360 కంప్యూటర్ల గురించి 1964లో రాసిన వ్యాసంలో వాటి రూపకర్తలు ఆమ్‌డాల్, బ్లావ్, బ్రూక్స్ ప్రోగ్రామరుకు కనిపించే యంత్ర లక్షణాలను, అంటే దాని భావనాత్మకమైన అమరికనూ పనిచేసే తీరునూ ఆర్కిటెక్చర్ అన్నారు. లోపలి తర్క రచననూ, భౌతికమైన తయారీనీ దాని నుంచి వేరుచేశారు. 2011 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 42010 ప్రకారం ఆర్కిటెక్చర్ అంటే ఒక వ్యవస్థకు దాని పరిసరాలలో ఉండే మౌలిక భావనలూ లక్షణాలూ; అవి దాని భాగాలలో, వాటి సంబంధాలలో, రూపకల్పనకూ పరిణామానికీ ఆధారమైన సూత్రాలలో ఇమిడి ఉంటాయి. రెండింటిలోనూ రూపంతో పాటు గుణం కూడా ఉందని గమనించండి.

ఆర్కిటెక్చర్ నిర్ణయం ఎలా ఉంటుందో చూడడానికి మెట్రో స్టేషను గేటునే తీసుకోండి. కార్డులోని సొమ్మును గేటే చూసుకొని తెరుచుకోవాలా, ప్రతిసారీ కేంద్ర సర్వరును అడగాలా? మొదటి పద్ధతిలో నెట్‌వర్క్ పోయినా అమీర్‌పేటలో జనం నిలిచిపోరు. రెండవదానిలో, పోయిన కార్డును వెంటనే ఆపడం తేలిక. ఈ నిర్ణయాన్ని తరువాత మార్చాలంటే కార్డులూ, గేట్లూ, ఖాతాలూ అన్నిటినీ కదిలించాలి. తెర మీది బటన్ రంగుకు ఆ బాధ లేదు. అయితే ఒక వ్యవస్థలో మౌలికమైన నిర్ణయం మరొకదానిలో చిన్న విషయం కావచ్చు. నిర్వచనాలు ఒకచోట కుదరకపోవడానికి ముఖ్య కారణం ఇదేనని నా అభిప్రాయం.

రూపాన్నీ గుణాన్నీ కలిపి చెప్పే జంటమాట మనకు ఉండనే ఉంది: ‘స్వరూపస్వభావాలు’. పాఠంలో మొదటిసారి ‘సాఫ్ట్‌వేర్ వ్యవస్థ మౌలిక స్వరూపస్వభావాలు’ అని వివరించి, ఆ తరువాత అందరూ పలికే ‘ఆర్కిటెక్చర్’నే నిస్సంకోచంగా వాడండి. ‘నిర్మాణం’ను కోడ్ రాసే పనికి వదలండి. క్రియ విషయంలోనూ ‘ఆర్కిటెక్చర్‌ను నిర్మించాం’ అనకుండా ‘నిర్ణయించాం’ అని రాస్తే, మొదట మిమ్మల్ని ఆపిన ప్రశ్న విద్యార్థికి ఎదురుకాదు.