కంప్యూటర్ సందేహాలు: ఉన్నట్టుండి బిగుసుకుపోతోందా?

ప్రశ్న: మాది రైస్‌మిల్లు పక్కనే ఉన్న డీటీపీ సెంటర్. నాలుగో తరం ఐ5 డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్‌లు రెండు, 500 జీబీ హార్డ్‌డిస్క్. రోజుకు రెండుమూడు సార్లు హ్యాంగ్ అవుతుంది, ఒక్కోసారి దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. విండోస్ రెండుసార్లు కొత్తగా వేయించినా అంతే. మదర్‌బోర్డు పోయిందంటున్నారు. మార్చక తప్పదా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అప్పుడే మదర్‌బోర్డు జోలికి పోకండి. మిగతావన్నీ తేలాకే దాన్ని అనుమానించాలి. విండోస్ రెండుసార్లు వేసినా మారలేదంటే లోపం సామానులో ఉండే అవకాశమే ఎక్కువ. మూడోసారి వేయించి డబ్బులు పోగొట్టుకోవద్దు.

ఈసారి హ్యాంగ్ అయినప్పుడు పవర్ బటన్ నొక్కేముందు కీబోర్డులో నమ్‌లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతూ, మౌస్ బాణం కదులుతూ, ఫైళ్లు మాత్రం తెరుచుకోకపోతే, క్యాబినెట్ మీది డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతుంటే హార్డ్‌డిస్క్‌నే అనుమానించాలి. నమ్‌లాక్ కూడా పలకకపోతే ముందు ర్యామ్ చూడాలి. హ్యాంగ్ కాకుండా ఠక్కున ఆరి మళ్లీ మొదలైతే ఎక్కువగా ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల కరెంటు అందించే డబ్బా) లేదా వేడి కారణం.

విండోస్‌లో లోపాల చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నెల్ పవర్ 41' అని ఎర్రగా కనబడగానే ఎస్ఎంపీఎస్ పోయిందనుకుంటారు. సిస్టం సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెబుతుంది, ఎందుకో చెప్పదు. అంతకుముందు నిమిషాల్లో 'డిస్క్ 7' ఉంటే బ్యాడ్ సెక్టార్ (డిస్క్‌లో పాడైన చోటు), 'డబ్ల్యూహెచ్ఈఏ లాగర్' ఉంటే హార్డ్‌వేర్ లోపం.

మీది మిల్లు పక్క దుకాణం కాబట్టి ముందు క్యాబినెట్ విప్పండి. ప్రాసెసర్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. దాన్ని తీస్తే కింద హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య ఊకదుమ్ము మందపు గుడ్డలా పేరుకుని, గాలి చొరబడకుండా ఉంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకుంటే అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్ తీస్తే ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది కందిగింజంత పెట్టండి. హీట్‌సింక్‌ను బిగించే నాలుగు పిన్నులూ బోర్డు వెనక్కి పూర్తిగా దిగాయో లేదో చూడండి. ఒక్కటి వదులైనా వేడి ఎక్కుతుంది. వేడిని చూపే హెచ్‌డబ్ల్యూ మానిటర్ సాఫ్ట్‌వేర్‌లో, పని ఎక్కువున్నప్పుడు ప్రాసెసర్ వేడి 80 డిగ్రీల లోపు ఉంటే మంచిదే. 90 దాటుతుంటే వేడి సమస్య ఉన్నట్టే. వేడెక్కిన ప్రాసెసర్ ముందు నెమ్మదిస్తుంది, ఇంకా పెరిగితే ఆరిపోతుంది.

తర్వాత ర్యామ్. ప్లగ్గు పీకి పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. ర్యామ్ బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, ఒక్క ర్యామే పెట్టి ఒకరోజు నడపండి. మరునాడు రెండోది, అదే స్లాటులో. ఒకదానితోనే హ్యాంగ్ అయితే దొంగ దొరికినట్టే. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 సాఫ్ట్‌వేర్ రాత్రంతా నడిపితే ఇంకా మంచిది. అందులో ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ పనికిరాదు.

డిస్క్ మీద అనుమానముంటే ముందు కస్టమర్ల ఫైళ్లన్నీ వేరే డ్రైవులోకి కాపీ చేసుకోండి, తర్వాతే పరీక్షలు. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో 05, సీ5 వరుసల్లోని అంకెలు పెరుగుతుంటే డిస్క్ మార్చాలి. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ మారిస్తే చాలావరకు సరిపోతుంది.

ఎస్ఎంపీఎస్‌ను వైరు ముక్కతో ఆన్ చేసి ఫ్యాన్ తిరిగింది, బాగుందనడం పరీక్ష కాదు, లోడు లేకుండా ఏదైనా తిరుగుతుంది. లోడు మీద మల్టీమీటర్‌లో పసుపు వైరు 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. అన్నిటికన్నా మంచిది, తెలిసినవాళ్ల మంచి ఎస్ఎంపీఎస్ రెండ్రోజులు పెట్టి చూడటం. దాని డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీశాక కూడా లోపల షాక్ కొడుతుంది.

ప్రశ్న: లేజర్ ప్రింటర్‌లో ప్రింట్ ఇచ్చినప్పుడల్లా సిస్టం రీస్టార్ట్ అవుతోంది. 600 వీఏ యూపీఎస్ ఉంది.
– ఒక పాఠకురాలు, కల్వకుర్తి

జవాబు: ప్రింటర్ కూడా యూపీఎస్‌కే తగిలించారా? అయితే వెంటనే తీసేయండి. 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి. లేజర్ ప్రింటర్ లోపలి హీటర్ వేడెక్కేటప్పుడు దానికి రెట్టింపు పైనే లాగుతుంది. ప్రింటర్‌ను వేరే ప్లగ్గులో నేరుగా పెట్టండి. అప్పుడూ ఆగకపోతే యూపీఎస్ బ్యాటరీ కొన్న తేదీ చూడండి. మూడేళ్లు దాటితే మార్చాల్సిందే.