ముత్తాత ఫొటోలో ఉన్న మనిషినే రాయి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఫొటోని మాత్రం పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. వ్యాసంలోని ముత్తాత, ఫొటోలో నిలబడ్డ ముత్తాత ఒక్కరు కారేమో అనిపించింది. అందుకే నీ వాక్యాల గురించి తర్వాత, ముందు ఫొటో సంగతి మాట్లాడుకుందాం.

నువ్వు రాసిన ముత్తాత రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో తుపాకీ పట్టి జపాన్ సైనికులతో కలబడ్డాడు. ఫొటోలో ఆయన భుజం మీద ఇత్తడి అక్షరాలున్నాయి, చూశావా? ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని ఉంది. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. సైన్యానికి తిండి, పెట్రోలు, పశువులకు మేత చేరవేసే విభాగం అది. లారీలు, కంచర గాడిదలు వాళ్ల చేతిలో ఉండేవి. ఆ పేరు ముందు రాయల్ అన్న మాట 1935లో చేరింది, 1950లో మనది గణతంత్రం అయ్యాక పోయింది. చూడు, ఒక్క అక్షరం నీ ఫొటోకి ముందూ వెనకా హద్దు గీసింది. చేతి మీద రెండు చారలున్నాయి కాబట్టి ఆయన హోదా నాయక్. ఒక్క చార ఉంటే లాన్స్ నాయక్, మూడుంటే హవల్దారు. అంటే సైన్యంలో చేరిన మొదటి నెలల్లో తీయించుకున్న ఫొటో కాకపోవచ్చు.

ఆ అక్షరాలు ఉండబట్టి సరిపోయింది. ఆ రోజుల్లో ఖాకీ వేసుకున్న ప్రతివాడూ సిపాయి కాదు. పోలీసులు, అటవీశాఖ వాళ్లు కూడా వేసేవారు. 1942 ఏప్రిల్ 6న మీ విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు వేసిన కాలంలో ఊళ్లో విమాన దాడులప్పుడు జనాన్ని హెచ్చరించే ఎయిర్ రెయిడ్ వార్డెన్లు కూడా ఉన్నారు. ఖాకీ చూసి మిలటరీ అనేయకు. బొత్తాలు, బెల్టు బకిలు, టోపీ బిళ్ల, భుజం పట్టీ ఒక్కొక్కటే చూడు. బిళ్ల మీద కిరీటం ఉంటే బ్రిటిష్ కాలం, మూడు సింహాలు ఉంటే 1950 తర్వాత.

ఛాతీ మీద పతకం రిబ్బన్ లేదని దిగులుపడకు. ఆఫ్రికా స్టార్ పతకాన్ని 1943లో ప్రకటించారు, బర్మా స్టార్ పతకాన్ని 1945లో. ఓడెక్కే ముందు, సెలవు మీద వచ్చినప్పుడు ఫొటో తీయించుకుని ఇంటికి పంపినవాళ్లు ఎంతోమంది. వాళ్ల ఛాతీ మీద రిబ్బన్ ఎక్కడి నుంచి వస్తుంది?

నువ్వు ఫోన్ యాప్‌లో రంగులు వేయించిన కాపీలో ఎడమ జేబు మీద ఎర్రటి పట్టీ కనిపిస్తోంది. అసలు ఫొటోలో అక్కడున్నది జేబు మూత నీడ. నీ వ్యాసంలో రెండు పేరాలు ఆ ఎర్రటి పట్టీ మీదే నడిచాయి. అవి తీసెయ్. ఈ యాప్‌లు తెలియని చోట ఊహించి నింపేస్తాయి, అక్షరాలు కూడా కల్పిస్తాయి. అసలు ఫొటోని కూడా రంగు విషయంలో నమ్మలేం. పాతకాలం ఫిల్ముల్లో చాలావాటికి ఎరుపు పట్టేది కాదు, నల్లగా పడేది. నీలం తెల్లబోయినట్టు వచ్చేది. బర్మా స్టార్ రిబ్బన్‌కి నడుమ వెడల్పాటి ఎరుపు, రెండు వైపులా ముదురు నీలం. అలాంటి ఫిల్ములో నడుమ పట్టీయే నల్లగా, అంచులు కాస్త లేతగా కనపడతాయి. ఇంకో సంగతి. మన పల్లెల్లో పాత ఫొటోలు ఎన్‌లార్జ్‌మెంట్‌కి ఇచ్చినప్పుడు స్టూడియోవాళ్లు బ్రష్‌తో మీసం దిద్దేవారు, కోటు వేసేవారు. గోడకు వేలాడే పెద్ద పటం కన్నా పెట్టెలో పడున్న చిన్న కార్డుని నమ్ము.

ఆ కార్డు వెనక స్టూడియో ముద్ర సగం చిరిగి, చివర 'బాద్' అన్నంత వరకే మిగిలిందన్నావు. నువ్వు సికింద్రాబాద్ అని రాసేశావు. కావచ్చు. కానీ అలహాబాద్, ఫైజాబాద్, అబోట్టాబాద్ కూడా కంటోన్మెంట్లే. ఆ చిరుగుని చిరుగుగానే రాయి. పాఠకుడికి కూడా ఆ నాలుగు ఊళ్లూ చూపించు. నువ్వు ఆగిపోయిన చోట తనూ ఆగుతాడు, అప్పుడు నీతో నడవడం మొదలుపెడతాడు.

ఇక ముత్తాత పేరు దొరికిందని నువ్వు చూపించిన రంగూన్ యుద్ధ స్మారకం పేజీ. టాకియాన్ శ్మశానంలో ఉన్న ఆ స్మారకం మీద సుమారు 27,000 పేర్లున్నాయి. వాళ్లంతా సమాధి కూడా దొరకని మృతులు. మీ ముత్తాత తిరిగొచ్చి, మీ ఊళ్లోనే పోయాడు కదమ్మా. పేరు కలిసినంత మాత్రాన ఆ నాయక్ నీ ముత్తాత కాడు. అతను ఇంకో ఇంటివాడు, వాళ్ల ముత్తాత. అలాంటి జాబితాల్లో చాలామందికి తండ్రి పేరు, ఊరు కూడా రాసి ఉంటాయి. మనవాళ్ల ఇంటిపేరు ఉండకపోవచ్చు, ఊరి పేరు ఇంగ్లీషు గుమాస్తాకి వినిపించినట్టు ఉండొచ్చు. కాకినాడ కొకనాడ అవుతుంది, ఏలూరు ఎల్లూర్ అవుతుంది. పేరు ఒక్కటే కలిస్తే ఏమీ కలవనట్టే. నంబరు, యూనిట్, తండ్రి పేరు, ఊరు కలవాలి.

నాకు నీ మీద ఆశ ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. లారీ నడిపిన మనిషిని బాయనెట్ పట్టిన వీరుడిగా మార్చడం ఆయన్ని పెద్దవాణ్ణి చేయడం కాదు, ఆయన చేసిన పనిని చెరిపేయడం. 1944లో జపాన్ సేన ముట్టడితో మణిపూర్‌లోని ఇంఫాల్ చుట్టూ దారులు మూసుకుపోయాయి. కోహిమా వైపు నుంచి రోడ్డు మళ్లీ తెరుచుకున్నది జూన్ 22న, 109వ మైలురాయి దగ్గర. దిమాపూర్ రైల్వే స్టేషన్ నుంచి ఇంఫాల్‌కి 200 కిలోమీటర్లకు పైగా కొండదారి. వాన, బురద, పక్కనే లోయ. ఆ దారిన బియ్యం, పెట్రోలు మోసిన డ్రైవర్ల గురించి తెలుగులో ఎంత రాశాం? తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు, అక్కడ ఊరంతా కలిసి తమవాళ్లను గుర్తుపెట్టుకుంది. మీ ముత్తాతకి అలాంటి ఊరు లేదు. నువ్వే ఉన్నావు.

అయితే ఆయన ఆ దారిలోనే ఉన్నాడని ఫొటో చెప్పదు. ఈజిప్టులో ఉండొచ్చు, ఇటలీలో ఉండొచ్చు, దేశం దాటకుండా డిపోలోనే పనిచేసి ఉండొచ్చు. దానికి సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం కావాలి, అందులో ఆయన నంబరు ఉంటుంది. అది లేకపోతే పాత పెన్షన్ కాగితాలు వెతుకు. మాజీ సైనికుడని ప్రభుత్వం ఎప్పుడైనా భూమి ఇచ్చిందేమో అడుగు. మిలటరీ పొలం అని మీవాళ్లు దేన్నైనా పిలుస్తుంటే, దాని పట్టా కాగితం బయటికి తీయించు.

మీ చిన్నమ్మమ్మకి ఎనభై దాటాయన్నావు. మిగతావన్నీ పక్కన పెట్టి ఈ వారమే వెళ్లు. అసలు ఫొటో చేతిలో పెట్టు, యాప్ కాపీ చూపించకు. యుద్ధంలో ఏం చేశాడని అడగకు. మనియార్డరు ఎక్కడి నుంచి వచ్చేదని వాళ్లమ్మ చెప్పేది? తిరిగొచ్చాక ఏ పనిలో కుదిరాడు? లారీ నడపడం ఊళ్లో ఎవరికైనా నేర్పాడా? హిందుస్తానీ మాటలు ఏమైనా ఇంట్లో మిగిలాయా? ఇవి అడుగు. ఆవిడ చెప్పింది ఆవిడ మాటగానే రాసుకో, నీ ఊహ ఉంటే అది నీదని విడిగా రాసుకో. ఫొటో వెనకవైపు కూడా స్కాన్ చేసి, కొత్త ప్రతితో పాటు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు