బీఎండబ్ల్యూ ఒకప్పుడు నిజంగానే బెంజ్ వాళ్లకి అమ్ముడుపోబోయిందా?

అవును, 1959లో కొద్దిలో తప్పింది. అసలు ఈ మ్యూనిక్ కంపెనీ మొదట్లో చేసింది కార్లు కాదు, విమానాల ఇంజిన్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక వాటి మీద నిషేధం పడేసరికి వేరే పనులు వెతుక్కుని 1923లో ఆర్32 అనే బైక్ తెచ్చింది, కార్లయితే 1928లో ఐసెనాక్ అనే ఊళ్లోని కార్ల ఫ్యాక్టరీ కొన్నాకే, అదీ ఇంగ్లాండ్ ఆస్టిన్ 7ని లైసెన్స్ మీద చేసిన బండి. రెండో యుద్ధంలో ఖైదీలతో వెట్టిచాకిరీ చేయించుకున్న చరిత్ర కూడా ఉంది, ఫ్యాన్స్ ఇది చెప్పరు లెండి.

1950ల్లో వీళ్ల తంతు విచిత్రం. ఒకపక్క 507 అని అదిరిపోయే స్పోర్ట్స్ కారు, 250 పైచిలుకే చేశారు, ప్రతిదాని మీదా నష్టమే. ఇంకోపక్క ఇసెట్టా అని బుల్లి బండి, దానికి తలుపు ముందువైపు ఉంటుంది, ఫ్రిజ్ తలుపు తీసినట్టు తీస్తే స్టీరింగ్ కూడా దాంతోపాటే బయటికి వస్తుంది. అది బాగా అమ్ముడైంది గానీ మధ్యతరగతి కొనే సైజు కారే లేదు. 1959 డిసెంబర్‌లో షేర్‌హోల్డర్ల మీటింగ్‌లో కంపెనీని డైమ్లర్-బెంజ్‌కి ఇచ్చేద్దామంటే చిన్న షేర్‌హోల్డర్లు, డీలర్లు అడ్డం తిరిగారు, తర్వాత హెర్బర్ట్ క్వాండ్ట్ అనే పారిశ్రామికవేత్త వాటా పెంచుకుని నిలబెట్టాడు. 1962లో 1500 మోడల్ వచ్చాక దశ తిరిగింది, నడపడానికి మజా ఉంటుందన్న పేరు గట్టిపడింది దాంతోనే.

ఇంకో మాట, బీఎండబ్ల్యూ లోగోలోది చాలామంది అనుకునే విమానం ప్రొపెల్లర్ కాదండీ, మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రం రంగులు. ప్రొపెల్లర్ కథ 1929 నాటి ప్రకటన బొమ్మతో పుట్టింది.