పూసల గౌనూ, ఉన్ని జెర్సీ: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన ఫ్లాపర్ల కాలం నాటి, అంటే 1920ల ఫ్యాషన్ అమ్మాయిల కాలం నాటి, డ్యాన్స్ బట్టల వ్యాసం ఆసాంతం చదివాను. కష్టపడ్డావని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. పేర్లు సరిగ్గా ఉన్నాయి, చాలా తేదీలూ సరిగ్గానే ఉన్నాయి. కానీ అంత పెద్ద వ్యాసంలో ఒక్కరు కూడా డ్యాన్స్ చెయ్యలేదు. గౌను రంగు చెప్పావు, పొడవు చెప్పావు, కుచ్చులు ఎలా వేలాడతాయో చెప్పావు. ఆ గౌను వేసుకున్న అమ్మాయి చెయ్యెత్తితే ఎక్కడ పట్టేస్తుంది, గెంతితే బరువు ఎక్కడ పడుతుంది, చెమట పడితే గుడ్డ ఏమవుతుంది అన్నవి మాత్రం ఎక్కడా లేవు. నాట్యం చేసేవాళ్ల బట్టల గురించి రాస్తున్నప్పుడు అసలు సంగతి అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. డ్యాన్స్ హాలుకు వేసుకెళ్లే గౌను, స్టేజీ మీద వేసుకునే డ్రెస్సు, ప్రాక్టీసులో వేసుకునే బట్ట నీ వ్యాసంలో ఒకటైపోయాయి. ఫ్లాపర్లు మెరిసే, సాగే లియోటార్డులు (ఒంటికి అతుక్కునే ఒంటిపీసు బట్టలు) వేసుకుని, అప్పటి హుషారు డ్యాన్స్ చార్ల్‌స్టన్ ఆడేవారని ఒక వాక్యం రాశావు. దాన్ని మొహమాటం లేకుండా కొట్టెయ్. నువ్వు ఊహించుకుంటున్న ఆ సాగుడు లైక్రాది, దాని వెనక ఉన్న దారం డ్యూపాంట్ కంపెనీ లాబ్‌లో తయారైంది 1958లో. నైలాన్ వచ్చింది 1930ల చివర్లో. రబ్బరు మీద నూలు చుట్టి చేసే లాస్టెక్స్ దారం కూడా 1931 దాకా బజారులో లేదు. అంటే 1920ల్లో ఒంటికి అతుక్కునే బట్ట కావాలంటే ఉన్నో, నూలో, పట్టో లాంటి దారం తీసుకుని అల్లుకోవాల్సిందే. నువ్వు వర్ణించే ప్రతి బట్టకూ ఈ ప్రశ్న వేసుకో: అప్పటికి ఈ దారం ఉందా?

ఇక్కడ తెలుగు పాఠకుడికి నువ్వు సులువుగా అర్థం చేయించగలవు. చేనేత ఊళ్లున్న నేల మనది, పడుగూ పేకా అంటే ఎవరికీ వివరించక్కర్లేదు. నేసిన గుడ్డలో అవి ఒకదాన్నొకటి బిగబట్టి ఉంటాయి, లాగినా పెద్దగా సాగదు. అల్లిన గుడ్డలో దారం ఉచ్చులు ఉచ్చులుగా పోతుంది, లాగితే ఉచ్చు పొడుగవుతుంది. ఊరికే జెర్సీ అని రాసి వదిలెయ్యకుండా, బనీను గుడ్డ అని ఒక్కసారి అను. పాఠకుడి వేళ్లకు అది వెంటనే తగులుతుంది. పైగా అది నిజం కూడా. 1916 ప్రాంతంలో ఫ్రెంచి డిజైనర్ కోకో షనెల్ ఆడవాళ్ల డ్రెస్సులకు వాడటం మొదలుపెట్టిన జెర్సీ అప్పటిదాకా మగవాళ్ల లోదుస్తులకు వాడే గుడ్డ.

అయితే అల్లిన గుడ్డ సాగినంత తేలిగ్గా తిరిగి వెనక్కి రాదు. మోకాలు వంచి లేస్తే అక్కడ వదులైపోతుంది, నడుం దగ్గర జారిపోతుంది. లైక్రా రాకముందు బ్యాలే ఆడేవాళ్లు టైట్స్ (కాళ్లకు అతుక్కునే బట్ట) జారకుండా నడుం దగ్గర గుడ్డలో ఒక నాణెం పెట్టి మెలితిప్పి, దాని చుట్టూ టేపు బిగించి కట్టుకునేవాళ్లు. నీ వ్యాసానికి ఇలాంటివి కావాలి. అరపేజీ వర్ణన చెప్పలేనిది ఆ నాణెం చెబుతుంది.

లియోటార్డ్ పుట్టుక గురించి నువ్వు రాసిన రెండు పేజీలూ ఒక పేరాకు కుదించు. తులూజ్ కుర్రాడు జూల్ లియోటార్ 1859 నవంబరు 12న పారిస్ సర్కస్‌లో ఎగిరే ట్రపీజ్ మీద ఒక ఊయల నుంచి ఇంకో ఊయలకు దూకి చూపించాడు. ఒంటికి అతుక్కునే అల్లిక బట్ట వేసుకున్నాడు, ఆ బట్టకు అతని పేరు అతను పోయాక స్థిరపడింది. అతను 1870లోనే చనిపోయాడు. నీ కథకు అంత చాలు. సర్కస్‌లో మగవాడు వేసుకున్న బట్ట అరవయ్యేళ్ల తర్వాత నాట్యం నేర్చుకునే ఆడపిల్లల ఒంటి మీదికి ఎలా వచ్చిందన్నది అంతకన్నా ఆసక్తికరమైన ప్రశ్న, నీ పేజీలు దానికి ఉంచు.

నన్నడిగితే వ్యాసాన్ని ఒక మనిషి వెంట నడిపించు. తర్వాత సినిమా తార అయిన నర్తకి లూయీస్ బ్రూక్స్ వెంట వెళ్లు. కాన్సస్‌లో పుట్టి పెరిగిన ఈ అమ్మాయి 1922లో, ఇంకా పదహారు కూడా నిండకుండా, న్యూయార్క్ వెళ్లి డెనిషాన్‌లో చేరింది. రూత్ సెయింట్ డెనిస్, టెడ్ షాన్ దంపతులు 1915లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన నాట్యపాఠశాల అది. అక్కడ విద్యార్థులు ప్రాక్టీసుకు వేసుకున్నది ఒంటిపీసు ఉన్ని స్విమ్మింగ్ సూటు, కాళ్లకు ఏమీ లేదు. ఒక్కసారి ఆలోచించు. అదే 1922లో వాషింగ్టన్ నగరంలో స్నానాల రేవు దగ్గర ఒక అధికారి టేపు పట్టుకుని ఆడవాళ్ల మోకాలికీ స్విమ్మింగ్ సూటు అంచుకీ మధ్య దూరం కొలుస్తున్నాడు, ఆరంగుళాలు దాటకూడదని ఆర్డరు. బీచిలో టేపుతో కొలిచే బట్టే డ్యాన్స్ క్లాసులో యూనిఫాం. ఆ ఉన్నిలో గంటల తరబడి ప్రాక్టీసు చేస్తే ఒళ్లు ఎలా దురద పుడుతుందో, చెమటకు ఎంత బరువెక్కుతుందో పాఠకుడికి తెలియాలి.

1924లో బ్రూక్స్‌ను డెనిషాన్ నుంచి పంపించేశారు. ఆ ఏడాది చివర్లోనే ఆమె లండన్‌లో కఫే ద పారీ అనే నైట్‌క్లబ్బులో చార్ల్‌స్టన్ ఆడుతోంది, 1925కల్లా న్యూయార్క్‌లో జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ అనే ఆటపాటల షో స్టేజీ మీద ఉంది. మూడేళ్లలో ఒకే ఒళ్లు ఉన్ని సూటు నుంచి పూసలూ మెరుపుల లోకంలోకి వెళ్లింది. నీ మూడు రకాల బట్టలూ ఒక్క అమ్మాయి జీవితంలోనే వరసగా ఉన్నాయి, ఇంకో కథ వెతకక్కర్లేదు.

పూసల గౌను దగ్గర మాత్రం ఆగు, తొందరపడకు. ఖరీదైన గౌన్లు సన్నటి పట్టు షిఫాన్ మీదో జార్జెట్ మీదో గాజు పూసలు పరిచి చేసినవి. నడుం దగ్గర బిగింపు లేదు కాబట్టి ఆ బరువంతా రెండు భుజాల మీంచే వేలాడుతుంది. అందుకే ఇప్పుడు మ్యూజియంలలో వాటిని హ్యాంగరుకు తగిలించరు, పడుకోబెట్టి దాస్తారు. తగిలిస్తే పూసల బరువుకే పట్టు చిరుగుతుంది. చాలా పూసలు కుట్టింది సూదితో కాదు, చివర వంపు ఉన్న చిన్న కొక్కెంతో. ఫ్రాన్స్‌లో దాన్ని లూనెవిల్ అనే ఊరి పేరుతో పిలుస్తారు. ఫ్రేముకు బిగించిన గుడ్డ, అడుగు నుంచి దారం, పైకి లాగితే గొలుసుకుట్టు. మన ఊళ్లలో జాకెట్ల మీద చేసే మగ్గం వర్క్ పద్ధతే అది, ఆ పని ఐరోపాకు వెళ్లింది కూడా మన తూర్పు దేశాల నుంచే. గొలుసుకుట్టులో ఒక్కచోట దారం తెగి కొస లాగితే వరసంతా ఊడొస్తుంది. ఇప్పుడు ఆ గౌనుతో చార్ల్‌స్టన్ ఆడించు. మోకాళ్లు లోపలికీ బయటికీ తిరుగుతుంటే, మడమలు పక్కకు విసురుతుంటే, పూసలు ఒకదానికొకటి కొట్టుకుంటూ ఆట కంటే అర క్షణం ఆలస్యంగా ఊగుతాయి. బరువున్న గౌను ఆటకు తోడయ్యేది అక్కడే. చెప్పుల సంగతి కూడా మర్చిపోకు. పాదం మీదుగా పట్టీ వచ్చింది అలంకారానికే కాదు, తన్నుకు చెప్పు ఎగిరిపోకుండా.

డ్యాన్స్ వల్ల గౌను పొట్టిదైందని తేల్చి రాశావు. సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూడు. చార్ల్‌స్టన్‌ను అమెరికా అంతా ఎక్కించిన బ్రాడ్‌వే (న్యూయార్క్ నాటకశాలల వీధి) షో 'రన్నిన్ వైల్డ్' 1923 అక్టోబరులో మొదలైంది. ఆ ఏడాది ఫ్యాషన్ గౌన్లు చీలమండల దగ్గరదాకా దిగి ఉన్నాయి. అంచు మోకాలి దాకా ఎక్కింది 1926, 27ల్లో. ఆట ముందు వచ్చింది, గౌను మూడేళ్లు ఆలస్యంగా దాన్ని అందుకుంది. అలాగే 1929 షేర్ మార్కెట్ కూలిపోవడంతో గౌన్లు మళ్లీ పొడుగయ్యాయన్నది కూడా తీసెయ్. ఫ్రెంచి డిజైనర్ జాన్ పాటూ అంచు దించిన కలెక్షన్ మార్కెట్ కూలడానికి ముందే, ఆ ఎండాకాలంలోనే వచ్చింది. కార్సెట్లు పారేసి స్వేచ్ఛగా ఎగిరారన్న మాటా అంతే. నడుం బిగించేది పోయి తుంటిని అణిచే గర్డిలూ, ఛాతీని చదును చేసే పట్టీ వచ్చాయి. ఇలాంటి తేలికైన కారణాలు చదవడానికి హాయిగా ఉంటాయి, అందుకే వాటిని ఎక్కువగా అనుమానించాలి.

ఒకటి ఇంకా గట్టిగా చెప్పాలి. చార్ల్‌స్టన్ నల్లజాతివాళ్ల ఆట. 'రన్నిన్ వైల్డ్' నల్లజాతి కళాకారుల షో, అందులోని 'చార్ల్‌స్టన్' పాటకు బాణీ కట్టింది జేమ్స్ పి. జాన్సన్. నీ వ్యాసంలో వాళ్లెవరూ లేరు. అమెరికా నల్లజాతి నర్తకి జోసెఫిన్ బేకర్ ఉంది, అదీ అరటిపళ్ల స్కర్టు కోసం. 1926లో పారిస్ ఫోలీ బెర్జేర్ థియేటర్లో ఆమె ఆ స్కర్టు వేసుకున్నది నిజమే. కానీ వలసరాజ్యాలేలే దేశపు రాజధానిలో, నల్లని ఒళ్లు చూడ్డానికి టికెట్ కొన్నవాళ్ల ముందు వేసుకుంది. ఆ పళ్లను ఆమె నడుంతో ఎలా ఆడించిందో, చూస్తున్నవాళ్లను తన తాళానికి ఎలా తిప్పుకుందో రాయకుండా స్కర్టు మాత్రమే రాస్తే, ఆ టికెట్ కొన్నవాళ్లు చూసినట్టే మనమూ చూసినట్టు. ఆమె ఆడిన ఫిలిం ముక్కలు దొరుకుతున్నాయి. ఫొటోలు పక్కన పెట్టి వాటిని చూడు.

అల్లిన గుడ్డ పెద్ద స్టేజీ ఎక్కిన రోజు కూడా నీకు తప్పకుండా కావాలి. 1924 జూన్ 20, పారిస్, షాంజెలిజే థియేటర్. రష్యన్ నిర్వాహకుడు దియాగిలెవ్ బ్యాలే కంపెనీ వేసిన 'ల ట్రాన్ బ్ల' బ్యాలే. నృత్యరచన బ్రోనిస్లావా నిజిన్‌స్కా, కథ జాన్ కాక్టో, బట్టలు షనెల్. కథంతా బీచిలో నడుస్తుంది, ఆ కంపెనీ నర్తకుడు ఆంటన్ డోలిన్ చేతుల మీద నడిచే విన్యాసాలు చూసి కాక్టోకు ఆ ఆలోచన వచ్చింది. షనెల్ బ్యాలే కాస్ట్యూములు కుట్టించకుండా నిజమైన ఉన్ని స్విమ్మింగ్ సూట్లే తొడిగించింది. అందం బాగుంది, కష్టం మొదలైంది. వదులుగా ఉన్న జెర్సీ చేతిలో జారిపోతుంటే నర్తకి లిడియా సొకొలోవాను ఎత్తాల్సిన భాగస్వామికి పట్టు చిక్కడం కష్టమయ్యేది. ఆ బట్టలు ఇప్పటికీ లండన్ వీ అండ్ ఏ మ్యూజియంలో ఉన్నాయి. ఈ ఒక్క లిఫ్టు, అంటే ఆమెను ఎత్తే ఘట్టం, నీ వ్యాసానికి మధ్యస్తంభం కాగలదు. ఫ్యాషన్ ఏం కోరింది, ఒళ్లు ఏం కోరింది, రెండూ ఎక్కడ తగువు పడ్డాయి, అన్నీ అందులో ఉన్నాయి.

డెనిషాన్ వాళ్లు 1926లో మన దేశంలో కూడా తిరిగి ప్రదర్శనలిచ్చారు. దానికి ఒక వాక్యం చాలు, లేకపోతే వ్యాసం దారి తప్పుతుంది. అంతకన్నా అదే బడిలో బ్రూక్స్‌కు సీనియర్ అయిన మార్తా గ్రాహమ్‌ను తీసుకురా. ఆమె 1923లో అక్కణ్నుంచి బయటికొచ్చింది, కొన్నాళ్లు రెవ్యూల్లో (ఆటపాటల షోల్లో) ఆడింది, 1926లో న్యూయార్క్‌లో సొంత ప్రదర్శన ఇచ్చింది. తర్వాత పూసలు వదిలేసి ఉన్ని జెర్సీ దగ్గరికే తిరిగొచ్చింది. 1930 జనవరిలో చేసిన 'లామెంటేషన్'లో బెంచీ మీద కూర్చుని, గొట్టంలా కుట్టిన జెర్సీ లోపల ఉంటుంది. మొహం, చేతులు, పాదాలు తప్ప ఏమీ కనబడవు. మోచేయి నెట్టినచోట గుడ్డ బిగుస్తుంది, మోకాలు వంగితే కోణం మారుతుంది, దుఃఖం ఆ ముడతల్లో కదులుతుంది.

ముందు వ్యాసం మొత్తం తిరగరాయాలని కూర్చోకు, టెన్షన్ పడతావు. 1922లో బ్రూక్స్, గ్రాహమ్ ఇద్దరూ ఆ ఉన్ని సూట్లలో ఒకే బడిలో ఉన్న రోజుల గురించి ఒక్క పేరా రాసి పంపు. చూసి, మిగతాది ఎక్కణ్నుంచి ఎత్తుకోవాలో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.