మూలకణం మారిందో లేదో ఫోటో చెబుతుందా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మేకల ఎముక మజ్జ నుంచి తీసిన మీసెంకైమల్ మూలకణాలను (కొవ్వు, ఎముక, మృదులాస్థి కణాలుగా మారగలవి) కొవ్వు కణాలుగా మార్చే మీడియంలో పెంచి, కొవ్వుకు ఎర్ర రంగు పట్టించే ఆయిల్ రెడ్ ఓతో స్టెయిన్ చేసి, ఫోటోలు తీసి ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు విస్తీర్ణాన్ని కొలిచాను. అవే ఫోటోల మీద నాకు 18 శాతం వస్తే, నా సహాధ్యాయికి 31 శాతం వచ్చింది. థీసిస్‌లో ఏది రాయాలి?
– పశువైద్య పీజీ విద్యార్థిని, తిరుపతి

సమాధానం: ప్రస్తుతానికి రెండూ రాయవద్దు. ఫోటోలు ఒకటే అయి అంకెలు వేరయ్యాయంటే తేడా థ్రెషోల్డ్ దగ్గర, అంటే కొవ్వునూ ఖాళీనీ విడదీసే హద్దు విలువ దగ్గర, వచ్చి ఉంటుంది. సాధారణ కలర్ ఫోటోలో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు విలువలు ఉంటాయి. ఒక్కొక్కటీ 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. ఎక్కడ గీత గీసి ఇటువైపు కొవ్వు, అటువైపు ఖాళీ అనాలో మీరిద్దరూ కంటితో చూసి నిర్ణయించి ఉంటారు. కొవ్వు బిందువుల చుట్టూ కనిపించే లేత గులాబీ అంచు ఒకరి లెక్కలో చేరి, మరొకరి లెక్కలో చేరకపోతే ఇంత తేడా రావడంలో ఆశ్చర్యం లేదు.

దీనికి విరుగుడుగా చాలామంది, ఆ హద్దును సాఫ్ట్‌వేరే ఎంచుకునే ఆటో థ్రెషోల్డ్ మీద నొక్కుతారు. జపాన్‌కు చెందిన నొబుయుకి ఒట్సు 1979లో ప్రచురించిన పద్ధతి వాటిలో బాగా వాడుకలో ఉన్నది. అది ఫోటోలోని పిక్సెళ్లను రెండు గుంపులుగా విడదీస్తుంది. విడదీయడానికి అసలు రెండు గుంపులు ఉన్నాయా లేవా అన్నది మాత్రం చూడదు. అందువల్ల ఒక్క కొవ్వు బిందువు కూడా లేని కంట్రోల్ వెల్ (పోలిక కోసం మామూలు మీడియంలో కణాలు పెంచిన ప్లేటు గుంట) ఫోటో ఇచ్చినా, వెలుతురులోని హెచ్చుతగ్గులనే రెండుగా చీల్చి గణనీయమైన శాతాన్ని చూపిస్తుంది. ప్రతి ఫోటోకూ విడివిడిగా ఆటో థ్రెషోల్డ్ పెట్టిన పని నమ్మదగినది కాదని నా స్పష్టమైన అభిప్రాయం.

చేయవలసినది ఇది. మామూలు మీడియంలో పెంచిన కంట్రోల్ వెల్స్‌ను కూడా అదే రోజు, అదే స్టెయిన్‌తో, అంతే సేపు స్టెయిన్ చేయండి. ఆ ఫోటోలలో కొవ్వుగా లెక్కకు వచ్చే విస్తీర్ణం దాదాపు శూన్యంగా ఉండే విలువను వెతికి, దానినే థ్రెషోల్డ్‌గా స్థిరపరచి, మార్పు జరిగిన వెల్స్ అన్నిటికీ మార్చకుండా వాడండి. ఆ విలువను థీసిస్‌లో రాయండి. అప్పుడు మీ సహాధ్యాయి కొలిచినా, మీ గైడ్ గారు కొలిచినా అదే అంకె వస్తుంది.

ఇక ఏ ఛానెల్‌లో కొలవాలన్నది. ఎర్రని స్టెయిన్‌ను ఎరుపు ఛానెల్‌లో కొలవాలనిపించడం సహజమే గాని, ఎర్రగా కనిపించే పదార్థం పీల్చుకునేది ఆకుపచ్చ కాంతిని. కాబట్టి బిందువుకూ ఖాళీ స్థలానికీ మధ్య తేడా ఆకుపచ్చ ఛానెల్‌లోనే ఎక్కువగా కనిపిస్తుంది. విస్తీర్ణంతో ఆగకుండా స్టెయిన్ గాఢతను కూడా పోల్చదలచుకుంటే పిక్సెల్ విలువలను నేరుగా సగటు తీయకండి. ఖాళీ స్థలం విలువ 240 అనుకుంటే, 120 విలువ ఉన్న పిక్సెల్ ఆప్టికల్ డెన్సిటీ 0.30, 60 విలువ ఉన్న పిక్సెల్‌ది 0.60 అవుతుంది, అంటే రెండవ చోట స్టెయిన్ రెట్టింపు ఉన్నట్టు. ఖాళీ స్థలం విలువను పిక్సెల్ విలువతో భాగించి, వచ్చిన దానికి 10 ఆధారంగా లాగరిథమ్ తీస్తే వచ్చేవే ఈ అంకెలు. కెమెరాలో గామా సవరణ (కంటికి బాగా కనిపించేలా వెలుతురు విలువలను మార్చడం) పనిచేస్తుంటే మాత్రం ఈ లెక్క చెల్లదు.

కంప్యూటర్ ముందు కూర్చోవడానికి ముందే చెడిపోయేవి ఇంకా చాలా ఉన్నాయి. ఆయిల్ రెడ్ ఓను ఐసోప్రొపనాల్‌లో కరిగించి, సాధారణంగా మూడు పాళ్లకు రెండు పాళ్ల నీరు కలిపి వాడతారు. తిరుపతి ఎండాకాలంలో, ఏసీ పనిచేయని గదిలో ఆ ఐసోప్రొపనాల్ త్వరగా ఆవిరవుతుంది. అప్పుడు స్టెయిన్ కరిగి ఉండలేక, ముదురు ఎరుపు నలుసులుగా, సూదుల్లాంటి స్ఫటికాలుగా కణాల మీద పడుతుంది. సాఫ్ట్‌వేర్‌కు ఈ స్ఫటికమూ ఒకటే, కొవ్వు బిందువూ ఒకటే. ఎక్కువ మాగ్నిఫికేషన్‌లో చూస్తే తేడా తెలుస్తుంది: బిందువు గుండ్రంగా, కణం హద్దులోపల, కేంద్రకం పక్కన ఉంటుంది, స్ఫటికానికి మూలలుంటాయి, కణాలు లేని చోట కూడా ఉంటుంది. కాబట్టి వర్కింగ్ ద్రావణాన్ని వాడే ముందే కలిపి, వడగట్టి, ప్లేటు మీద మూత తీయకుండా స్టెయిన్ చేయండి.

ఫోటో తీసేటప్పుడు ఆటో ఎక్స్‌పోజర్‌నూ ఆటో వైట్ బ్యాలెన్స్‌నూ ఆపివేయండి. కణాలు లేని ఖాళీ చోటును కూడా ఒక ఫోటో తీసి ఉంచుకుంటే వెలుతురు అసమానతను సరిచేయవచ్చు. ఫైళ్లు టిఫ్ రూపంలోనే భద్రపరచండి. జేపెగ్ రంగు వివరాన్ని తగ్గిస్తుంది, వాట్సాప్‌లో పంపుకున్న ఫోటోలైతే మరింత కుదించుకుపోయి ఉంటాయి, వాటి మీద కొలతలు వేయకూడదు. ఎర్రగా బాగా కనిపించిన చోటల్లా ఫోటో తీయడం మరో పొరపాటు. వెల్ మీద గళ్లు ఊహించుకుని, ఏ గళ్లలో తీయాలో ముందే నిర్ణయించుకోండి. వీలైతే ఏ ఫోటో ఏ వెల్‌దో తెలియకుండా వేరొకరి చేత పేర్లు మార్పించి కొలవండి.

విస్తీర్ణ శాతం ఒక్కటే చాలదు. ఒక వెల్‌లో కణాలు ఒత్తుగా, మరొక దానిలో పలచగా ఉంటే ఆ తేడాయే విభేదనంలో, అంటే మూలకణాలు వేరే కణాలుగా మారడంలో, తేడాగా కనిపిస్తుంది. కేంద్రకాలను డాపీ లేదా హోక్స్ట్ అనే రంగుతో స్టెయిన్ చేసి లెక్కించి, ఒక్కో కేంద్రకానికి ఎంత కొవ్వు విస్తీర్ణం ఉందో రాయడం మేలు.

లెక్కలలో ఒక మాట తప్పనిసరిగా గుర్తుంచుకోవాలి. మూడు మేకలు, ఒక్కో మేకకు మూడు వెల్స్, ఒక్కో వెల్‌కు పది ఫోటోలు కలిపి 90 ఫోటోలు అవుతాయి. కానీ మీ నమూనా సంఖ్య 90 కాదు, మూడే. ఫోటోల సగటుతో వెల్ విలువను, వెల్స్ సగటుతో మేక విలువను తీసి, మేకలనే పోల్చాలి. 90 అని రాస్తే లేని గణాంక ప్రాముఖ్యం ఉన్నట్టు కనిపిస్తుంది; మేక మేకకూ ఉండే సహజమైన తేడా కనిపించకుండా పోతుంది.

చివరిగా, మీరు కొలుస్తున్నది స్టెయిన్‌ను. కణాలు దెబ్బతిన్నా వాటిలో కొవ్వు చేరవచ్చు. ఎముక వైపు మార్పును చూసే అలిజరిన్ రెడ్ కాల్షియంను పట్టుకుంటుంది. ఆ కాల్షియం చచ్చిన కణాల మీద పేరుకున్నదైనా, మీడియంలో బీటా గ్లిసరోఫాస్ఫేట్ ఎక్కువై అవక్షేపించినదైనా అది తేడా చూపదు. మనుషుల కణాల విషయంలో అంతర్జాతీయ కణ చికిత్సా సంఘం (ఐఎస్‌సీటీ) 2006లో సూచించిన ప్రమాణాలలో కణం ఉపరితలం మీద ఉండే సీడీ73, సీడీ90, సీడీ105 గుర్తులతో పాటు మూడు రకాల విభేదనం కూడా ఉంది. ఆ గుర్తులను పట్టుకునే యాంటీబాడీలలో మేకకూ గేదెకూ పనిచేసేవి తక్కువ కావడం వల్ల మన దగ్గర భారమంతా స్టెయినింగ్ మీద పడుతోంది. అందుకే కనీసం కొవ్వు కణంగా మారడాన్ని నడిపించే పీపార్‌గామా వంటి జన్యువు వ్యక్తీకరణనైనా పక్కన చూపించండి. ఐసోప్రొపనాల్‌తో స్టెయిన్‌ను కరిగించి తీసి, 500 నుంచి 520 నానోమీటర్ల మధ్య శోషణ కొలిచి, ఫోటో కొలతతో సరిపోల్చడం ఇంకా సులువు. ఫోటోలు తీసిన తరువాత అదే ప్లేటు మీద చేయవచ్చు.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు తుంటి కీలు అరిగింది. మూలకణాల ఇంజక్షన్ ఇస్తామన్న చోట ఇచ్చిన కాగితంలో ‘విభేదన సామర్థ్యం 92 శాతం’ అని ఉంది. అంటే మృదులాస్థి తిరిగి పెరుగుతుందని అర్థమా?
– పాఠకుడు, చిత్తూరు

సమాధానం: కాదు. ఆ అంకె, అది సరైనదే అయినా, ప్లాస్టిక్ డిష్‌లో, ప్రత్యేకమైన మీడియంలో వారాల తరబడి పెంచిన కణాల గురించి చెబుతుంది. కీలులో ఆ మీడియం ఉండదు. పైగా ఇంజక్షన్‌గా ఇచ్చిన కణాలలో ఎక్కువ భాగం చాలాకాలం నిలవవు. మేలు జరిగినప్పుడు అది అవి విడుదల చేసే పదార్థాలు వాపును తగ్గించడం వల్ల జరుగుతుందని ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు. కుక్కలలో నొప్పి తగ్గినట్టు చూపిన అధ్యయనాలు ఉన్నాయి. అంతమాత్రాన మృదులాస్థి కొత్తగా పెరిగిందని కాదు.

వారిని మూడు సంగతులు అడగండి. ఆ 92 శాతం ఏ కణంగా మారడానికి సంబంధించినది? కొవ్వు స్టెయిన్‌తో తెచ్చిన అంకె అయితే మృదులాస్థి గురించి అది ఏమీ చెప్పదు. మృదులాస్థికి కణాలను ముద్దగా పెంచి, సన్నని పొరలుగా కోసి, ఆల్షియన్ బ్లూ లేదా సఫ్రానిన్ ఓ అనే స్టెయిన్‌తో చూడాలి. శాతం దేనిలో శాతం, కణాలలోనా, విస్తీర్ణంలోనా? కొలిచినవి మీ కుక్కకు ఇవ్వబోయే కణాలేనా? వీటికి సూటిగా జవాబు రాకపోతే ఆ అంకెను పక్కన పెట్టి, బరువు తగ్గించడం, నొప్పి మందులు, వ్యాయామం గురించి మీ పశువైద్యులతో ముందుగా మాట్లాడండి.

ప్రశ్న: డిగ్రీ విద్యార్థులకు ఇవి నేర్పడానికి సాఫ్ట్‌వేర్ కొనాలా? ఐపీస్‌కు ఫోన్ పెట్టి తీసిన ఫోటోలు పనికివస్తాయా?
– జంతుశాస్త్ర అధ్యాపకురాలు, తిరుపతి

సమాధానం: కొననక్కరలేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో వేన్ రాస్‌బాండ్ రూపొందించిన ఇమేజ్‌జే 1997 నుంచి ఉచితంగానే లభిస్తోంది. దాని విస్తృత రూపమైన ఫిజీ, కణాలను వరుసగా లెక్కించే సెల్‌ప్రొఫైలర్, కణజాల స్లైడ్లకు అనువైన క్యూపాత్ కూడా ఉచితమే. ఫోన్ ఫోటోలు కేంద్రకాలను లెక్కించడం, థ్రెషోల్డ్ అంటే ఏమిటో చూపించడం వంటి పాఠాలకు బాగానే సరిపోతాయి. రంగు గాఢతను కొలవడానికి వాడకండి, ఎందుకంటే ఫోన్ ప్రతి ఫోటోకూ వెలుతురునూ రంగులనూ తనంతట తాను సవరిస్తుంది.