చైనుకు నూనె వేయాలా, మైనం పట్టించాలా?

టెక్ సందేహాల శీర్షికలో సైకిల్ ప్రశ్నలేమిటని కొందరు ముఖం చిట్లించవచ్చు. కానీ వేగం కొలిచే యాప్‌లు, కాళ్ల బలాన్ని వాట్లలో చూపే మీటర్లు, బ్యాటరీ సైకిళ్లు వచ్చాక ఈ ఉత్తరాలు కూడా నా ఖాతాలోకే వస్తున్నాయి. వాటిలో ఎక్కువ చైను గురించే కనుక ఈ వారం మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ మీద వారాంతాల్లో తొక్కుతాను. చైనును కరిగిన మైనంలో ముంచితే వేగం పెరుగుతుందని తోటివారు అంటున్నారు. నిజమేనా? ఇంట్లో చేసుకోవచ్చా? (గేర్ల సైకిలున్న పాఠకుడు, నార్సింగి)

జవాబు: వేగం కోసమైతే అంత శ్రమ అక్కర్లేదు. శుభ్రత కోసం, చైను ఎక్కువ కాలం మన్నడం కోసం అయితే తప్పకుండా చేయండి.

1999లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్పైసర్ బృందం సైకిల్ చైనును యంత్రానికి బిగించి తిప్పి, ఎంత శక్తి వృథా అవుతోందో కొలిచింది. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో వేడిని కూడా చూసింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు చైను సామర్థ్యం 98.6 శాతం దాకా వెళ్లింది. తేడా తెచ్చినవి ప్రధానంగా పళ్ల చక్రాల సైజు, చైను బిగువు. కందెన వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే ప్రయోగశాలలో చైను శుభ్రంగా ఉంది, మన రోడ్ల దుమ్ము అక్కడ లేదు. లింకుల లోపలి ఖాళీని నింపి, మట్టికి చోటు లేకుండా చేయడమే కందెన పని అయి ఉండవచ్చని స్పైసర్ అప్పుడే అన్నారు. నా అభిప్రాయమూ అదే. చైను పై పలకల మీద మెరిసే నూనె మనకు కనిపిస్తుంది, కానీ రాపిడి జరిగేది లోపల, లింకులను కలిపే పిన్నుకూ దాని చుట్టూ తిరిగే లోపలి పలకకూ మధ్య. పైన ఉన్న నూనె చేసే పని దుమ్మును పిలవడమే. దుమ్ము, నూనె కలిస్తే నల్లటి ముద్ద తయారై, గరుకు కాగితంలా లోపలి లోహాన్ని అరగదీస్తుంది. మైనం గట్టిపడ్డాక పొడిగా ఉంటుంది కాబట్టి దుమ్ము దానికి అంటుకోదు. మీ ప్యాంటు అంచుకు మరకా అంటదు.

ఇక పద్ధతి. అసలు కష్టం మైనంతో కాదు, దానికి ముందు చైనును కడగడంతో. కొత్త చైను ఫ్యాక్టరీ నుంచే చిక్కటి గ్రీజుతో వస్తుంది. నూనె వాడేవారికి అది మంచిదే, తుడవనక్కర్లేదు. మైనం మాత్రం జిడ్డు మీద నిలవదు. చైనును విప్పి మూత గట్టిగా ఉన్న సీసాలో వేసి, పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ పోసి బాగా కుదపండి. ద్రవం నల్లబడితే మార్చి, తేటగా మిగిలేదాకా మళ్లీ మళ్లీ చేయండి. చివరిసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగితే టర్పెంటైన్ పొర కూడా పోతుంది. కొందరు పెట్రోలు వాడమంటారు, నేను చెప్పను. టర్పెంటైన్ అయినా సరే, ఆరుబయట, పొయ్యికీ సిగరెట్‌కూ దూరంగా పని చేయండి. మురికి ద్రవాన్ని కాలువలో పోయకండి. సీసాలో కదలకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగుతుంది, పైతేటను మరోసారికి వాడుకోవచ్చు.

మైనం అంటే పారఫిన్. కొవ్వొత్తుల తయారీ సామాను అమ్మే చోట దిమ్మలుగా దొరుకుతుంది, అరకిలో చాలు. రంగు, సువాసన కలిపిన కొవ్వొత్తులు వద్దు. తేనెమైనం జిగటగా ఉంటుంది, అదీ వద్దు. ఒక పెద్ద గిన్నెలో నీళ్లు కాచి, అందులో చిన్న గిన్నె పెట్టి మైనం కరిగించండి. నీళ్లు 100 డిగ్రీలు దాటవు కాబట్టి మైనమూ దాటదు. మైనం గిన్నెను నేరుగా మంట మీద గానీ ఇండక్షన్ పొయ్యి మీద గానీ పెట్టడం ప్రమాదం. మితిమీరి వేడెక్కిన మైనం నూనెలాగే అంటుకుంటుంది, దాని మీద నీళ్లు చల్లితే మంట ఎగిసిపడుతుంది. అలా జరిగితే పొయ్యి ఆపి మూత పెట్టాలి. గిన్నె పాతదై ఉండాలి, మళ్లీ వంటకు పనికిరాదు. ఇంట్లో పాలగిన్నె జోలికి వెళితే ఎదురయ్యే పరిణామాలకు ఈ శీర్షిక బాధ్యత వహించదు.

మైనం 90 డిగ్రీల దగ్గర నీళ్లలా పలచగా ఉన్నప్పుడు, పూర్తిగా ఆరిన చైనును తీగకు గుచ్చి ముంచండి. లోపలి గాలి బుడగలుగా పైకి వస్తుంది. మధ్యమధ్య కదుపుతూ, బుడగలు ఆగేదాకా, సుమారు పది నిమిషాలు ఉంచండి. పొయ్యి ఆపి, 70 డిగ్రీల దగ్గరకు చల్లారాక బయటికి తీస్తే మైనం కాస్త ఎక్కువ నిలుస్తుంది. వేలాడదీసి చల్లారనిస్తే చైను కర్రలా బిగుసుకుంటుంది. పాడైపోయిందని కంగారు పడకండి. ఒక గుండ్రటి కడ్డీ మీద అటూ ఇటూ వంచి, ప్రతి లింకూ వదులుగా కదిలేలా చేసి, సైకిలుకు బిగించండి. మొదటి కొద్ది కిలోమీటర్లు గేర్లు మొరాయిస్తాయి, పొట్టు రాలుతుంది, తర్వాత సర్దుకుంటుంది.

పొడి రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లకోసారి మళ్లీ ముంచాలి. రెండోసారి నుంచి టర్పెంటైన్ అవసరం లేదు. సలసల కాగే నీళ్లు పోస్తే పాత మైనం, మట్టి కలిసి కొట్టుకుపోతాయి. ఆరబెట్టి ముంచడమే. రెండు చైన్లు కొని, రెంటినీ ఒకేసారి ముంచి, మార్చి మార్చి వాడితే పని సగమవుతుంది.

చైను రెండు కొసలను కలిపి బిగించే క్విక్ లింకు విషయంలో జాగ్రత్త. సైకిల్ భాగాలు తయారుచేసే షిమానో కంపెనీ 11, 12 స్పీడ్ (వెనక అన్ని పళ్ల చక్రాలుండే) చైన్ల క్విక్ లింకులను ఒక్కసారే వాడమంటుంది. కొన్ని కంపెనీల లింకులు మళ్లీ మళ్లీ వాడుకోదగ్గవి. కొనేముందు పెట్టె మీద చూడండి.

ప్రశ్న: మా ఊరి ఎండకు మైనం కరిగి కారిపోదా? (కళాశాల విద్యార్థిని, విజయవాడ)

జవాబు: పారఫిన్ రకాన్ని బట్టి దాదాపు 50 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది. 58 డిగ్రీలు దాటాకే కరిగే రకం అడిగి తీసుకుంటే మే నెలలో తొక్కినా ఫర్వాలేదు. అద్దాలు మూసి ఎండలో ఆపిన కారులో మాత్రం చైనును గంటల తరబడి వదలకండి. లోపలి మైనం కొంచెం మెత్తబడినా వచ్చే నష్టమేమీ లేదు, బయటికి కారితే సీటు పాడవుతుంది, అంతే.

ప్రశ్న: రోజూ బీచ్ రోడ్డు మీద తొక్కుతాను. మైనం పట్టించిన చైను ఒక్క వానకే తుప్పు పట్టింది. డబ్బు వృథానా? (ఉద్యోగి, విశాఖపట్నం)

జవాబు: మైనానికి ఉన్న పెద్ద లోపం మీకే ఎదురైంది. బయటి పలకల మీది మైనం రాలిపోగానే ఉక్కు బయటపడుతుంది. వాన, పైగా ఉప్పు గాలి తగిలితే రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. మైనమే కావాలంటే తడిసిన రోజునే తుడిచి ఆరబెట్టి, మళ్లీ ముంచాలి. ఆఫీసు నుంచి అలసి వచ్చి ఎవరు చేస్తారు?

మీకు నా సలహా, జూన్ నుంచి నవంబరు దాకా వెట్ లూబ్ పేరుతో అమ్మే చిక్కటి సైకిల్ నూనె వాడండి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడవండి. చైను కింది వరుస మీద, లోపలి వైపు, ఒక్కో రోలరుకు ఒక్కో చుక్క వేసి పెడల్‌ను వెనక్కి తిప్పండి. కొంతసేపు ఆగి పైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేయండి. చాలామంది వదిలేసేది ఈ ఆఖరి తుడుపే, చైను నల్లబడేది కూడా అక్కడే. కొత్తది కొనేటప్పుడు నికెల్ పూతగానీ, తుప్పును తట్టుకునే మరో పూతగానీ ఉన్నది అడగండి. నూనె నుంచి మైనానికి మారిన ప్రతిసారీ పైన చెప్పిన కడుగుడంతా మళ్లీ చేయాలి కాబట్టి, ఏడాదికి ఒకసారి మించి మారకండి.

ప్రశ్న: డబ్ల్యూడీ-40 స్ప్రే కొడితే సరిపోదా?

జవాబు: అమెరికా అట్లాస్ క్షిపణి తుప్పు పట్టకుండా, నీటిని తరిమేందుకు 1953లో శాన్ డియాగోలో తయారైన ద్రవం అది. తుప్పు వదిలించడానికి, తడి చైనును పొడిగా చేయడానికి భేషుగ్గా పనిచేస్తుంది. కందెనగా ఎక్కువసేపు నిలవదు. కొట్టండి, తుడవండి, ఆ తర్వాత నూనె వేయండి. సైకిల్ చైనుకని అదే కంపెనీ వేరే సీసాలు అమ్ముతుంది కూడా.

ప్రశ్న: చైను ఎప్పుడు మార్చాలో చెప్పే యాప్ ఉందా? షాపులో అడిగితే ప్రతిసారీ మార్చమనే అంటారు. (పాఠకుడు, వరంగల్)

జవాబు: సైకిల్ ప్రయాణాలను నమోదు చేసే స్ట్రావా యాప్ వెబ్‌సైట్‌లో మీ సైకిలు కింద చైను, టైర్లలాంటి భాగాలను చేర్చుకుంటే ఏది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అదే లెక్క వేస్తుంది. మైనం పట్టించిన తేదీ గుర్తుండటానికి ఇది బాగా పనికొస్తుంది. మార్చాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం యాప్‌కు వదలకండి. మీరు వానలో తొక్కారా, మట్టి రోడ్డు మీద తొక్కారా అన్నది దానికి తెలియదు. అవే కిలోమీటర్లకు ఒకరి చైను బాగుంటుంది, మరొకరిది అరిగిపోతుంది.

షాపు మాటా, యాప్ మాటా అక్కర్లేదు, పిల్లల జామెట్రీ పెట్టెలో స్కేలు చాలదు, 12 అంగుళాల కన్నా కాస్త పొడవైన స్టీలు స్కేలు ఒకటి తీయండి. సైకిల్ చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. కాబట్టి ఒక పిన్ను మధ్య నుంచి 24వ అంతరం చివరి పిన్ను మధ్య దాకా సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. చైను సాగింది అంటారు గానీ నిజానికి లోహం సాగదు. పిన్నుల దగ్గర అరిగి, ప్రతి లింకూ కొంచెం వదులై, మొత్తం పొడవు పెరుగుతుంది. 12 అంగుళాలకు మరో పదహారో వంతు అంగుళం, అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కువైతే అరుగుదల అర శాతం. వెనక పళ్ల చక్రాలు 11 లేదా 12 ఉన్న సైకిలుకు అప్పుడే మార్చాలి. పదీ అంతకు తక్కువ ఉంటే 0.75 శాతం దాకా ఆగవచ్చు. గేర్లు లేని సైకిలుకు ఒక శాతం, అంటే మూడు మిల్లీమీటర్లు. ఇంకా ఆలస్యం చేస్తే చైనుతో పాటు వెనక చక్రాల పళ్లు కూడా అరుగుతాయి. అప్పుడు కొత్త చైను వేసినా జారుతుంది, ఖర్చు రెండింతలవుతుంది. ఆ స్థితికి వచ్చాక షాపువారు చెప్పేది నిజమే అవుతుంది.

ప్రశ్న: మా నాన్నగారి పాత నల్ల సైకిలు బాగు చేయించాను. చైను మొత్తం రేకు కవరులో ఉంటుంది. దానికీ మైనమేనా? ఆయన కొబ్బరి నూనె వేసేవారు. (పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: మైనం అక్కర్లేదు. ఆ రేకు కవరు దుమ్మునూ వాననూ ఆపుతుంది కాబట్టి మీ చైనుకు సగం సమస్యలు లేవు. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంటు తీసుకున్న బుష్ రోలర్ చైను దాదాపు అదే రూపంలో మీ సైకిల్లో తిరుగుతోంది, పెద్దగా ముద్దు చేయనక్కర్లేదు. కొబ్బరి నూనె, వంట నూనె మాత్రం మానేయండి. కొంతకాలానికి జిగురుగా మారతాయి. కుట్టుమిషను నూనె పలచన, త్వరగా ఆరిపోతుంది. కవరు లోపల ఉన్నందువల్ల కొత్త ఇంజనాయిలు కొన్ని చుక్కలు వేసినా బాగా నడుస్తుంది. మెకానిక్ దగ్గర ఉచితంగా దొరికే వాడేసిన నల్ల నూనెలో మసి, లోహపు రజను ఉంటాయి, అది వద్దు.

వెనక చక్రం బిగించేటప్పుడు చైను మధ్యలో వేలితో కదిపితే సుమారు అర అంగుళం ఆడాలి. మరీ బిగిస్తే తొక్కడం బరువవుతుంది, వదులైతే పడిపోతుంది. చైను లాకు క్లిప్పు మూసుకున్న వైపు చైను కదిలే దిశకు ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడిపోవచ్చు.

ప్రశ్న: మోటార్‌సైకిల్ చైనును కూడా మైనంలో ముంచవచ్చా? బ్యాటరీ సైకిలుకు?

జవాబు: మోటార్‌సైకిలుకు వద్దు. చాలా బండ్ల చైన్లలో లింకుల మధ్య రబ్బరు ఓ-రింగులుంటాయి. అవి లోపలి గ్రీజును పట్టి ఉంచుతాయి. వేడి మైనం, పెట్రోలు వాటిని పాడు చేయవచ్చు. ఓ-రింగులకు సరిపడేదని రాసి ఉన్న చైన్ స్ప్రే వాడండి.

బ్యాటరీ సైకిలుకు మోటారు ఎక్కడ ఉందో చూడండి. మన దగ్గర ఎక్కువగా అమ్మేవాటిలో అది వెనక చక్రం మధ్యలోనే ఉంటుంది, దాని బలం చైను మీద పడదు. మామూలు సైకిలు లెక్కే. పెడళ్ల దగ్గర మోటారున్న రకంలో కాళ్ల బలం, మోటారు బలం రెండూ చైనే మోస్తుంది కాబట్టి తొందరగా అరుగుతుంది, స్కేలు తరచుగా పెట్టి చూడండి. ఏ రకమైనా చైను ముట్టుకునే ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. చైను మీద గుడ్డ, గుడ్డ మీద వేళ్లు ఉండగా పొరపాటున మోటారు తిరిగిందంటే వేళ్లు పళ్ల మధ్య నలుగుతాయి.